దాదా అంబాసిడర్, జంగు పట్టిన ట్యాంకు, మన జిద్దు



పాత కారు బాగుచేయించేటప్పుడు దాని పెట్రోల్ ట్యాంకు మార్చాలా, ఉన్నదే ఉంచాలా అన్నది వినడానికి మెకానిక్ తేల్చే మాటలాగే ఉంటుంది. మా ఖాందాన్‌లో మాత్రం పోయిన ఏడాది రెండు నెలలు దీనిమీదే బహస్ నడిచింది. దస్తర్‌ఖాన్ దగ్గర మొదలై, వాట్సాప్ గ్రూపు ఎక్కి, జిద్దా దాకా పోయింది. ఇద్దరు పెద్దలు వారం రోజులు సలామ్‌కి జవాబు తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. కాబట్టి నా రాయ్ ముందే చెప్పేస్తాను. జంగు పైపైన ఉంటే ట్యాంకు కడిగి వాడుకోండి, మంచి వస్తువుని పారేయడం ఇస్రాఫ్. జంగు రేకుని తినేసి ఉంటే మార్చండి. ఏ హాల్‌లో కూడా దానికి వెల్డింగ్ మాత్రం చేయించకండి. ఇది ఎవరి యాద్‌గార్ అన్న మాట ఆ తర్వాత.

మన ఇళ్లలో ఈ మస్లా ఎందుకు వస్తోందో మీకు తెలియంది కాదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు, 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఈ రెండూ కలిసి ఇందూరు నుంచి ఎడపల్లి, బోధన్ మీదుగా మంజీర ఒడ్డు దాకా ఒక చెరకు దునియా తయారుచేశాయి. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని షక్కర్ నగర్‌కి పేరు. చెరకు పైసలతో కొందరు ఇల్లు కట్టారు, కొందరు హజ్‌కి పోయారు, కొందరు బండి కొన్నారు. ఆ బండ్లు ఇప్పటికీ చాలా ఇళ్ల వెనక తాడిపత్రి కింద నిద్రపోతున్నాయి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మహీంద్రా జీపు. వాటిమీద కోళ్లు పడుకుంటాయి, పిల్లలు స్టీరింగ్ పట్టుకుని హైదరాబాద్ పోయొస్తారు.

ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్న కొడుకులకి, మనవళ్లకి వాటిమీద మొహబ్బత్ పుట్టింది. దుబాయ్ నుంచో జిద్దా నుంచో పైసలు వస్తాయి. "బండిని కొత్తదానిలా చేయించండి, వీడియో పంపండి" అంటారు. పైసలు ఎక్కడికి పోతాయి? వీడియోలో కనబడే చోటికి. డెంటింగ్, పెయింటింగ్, సీట్లకి కొత్త రెక్సిన్, బంపర్‌కి క్రోమ్. డిక్కీ కింద, ఎవరి ఫోన్ కెమెరాకీ అందని చోట, యాభై ఏళ్ల ట్యాంకు అలాగే వేలాడుతుంటుంది. దానిమీద కూడా నల్ల పెయింట్ కొట్టేస్తారు. బయటికి మాషాల్లా, లోపల అల్లాకే మాలూమ్.

మా బండి 1973 మార్క్ టూ అంబాసిడర్. దాదా దాన్ని 1976లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కొత్త కారుకి అప్పట్లో పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఆగాలి, అంత సబర్ ఆయనకి లేదు. ఎడపల్లి పక్కన మా పొలం నుంచి ఫ్యాక్టరీకి చెరకు బండ్లు పోయేవి, వెనకాలే కాంటా చూసుకోవడానికి దాదా ఈ కార్లో పోయేవారు. ఫుప్పూలు ఇద్దరూ ఇందులోనే రుఖ్సత్ అయ్యారు. ఈసారి బడే అబ్బా మనవరాలి నికాహ్ ఖరారయ్యాక, బిడ్డ రుఖ్సతీ కూడా దాదా కార్లోనే జరగాలని అందరూ కోరుకున్నారు. అంటే ఆ ట్యాంకుకి రెండు మూడు అడుగుల ముందు, వెనక సీట్లో, దుల్హన్ కూర్చుంటుంది. పక్కన ఇద్దరు చిన్న పిల్లలు ఎక్కకుండా ఉంటారా? చుట్టూ పటాకులు, సిగరెట్లు, లైటింగ్ వైర్లు. ఇది కళ్ల ముందు పెట్టుకుని మిగతాది చదవండి.

బడే అబ్బా జిద్దు ఒకటే. "అబ్బా చేతులతో పెట్రోల్ పోసిన ట్యాంకు అది. ఉసే కైకు ఫేక్నా? ఒక చిన్న టాకా వేయించండి, ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తది." చాచా మాట వేరు. ఆయన లారీలు నడిపిన మనిషి, మెషీన్ల దగ్గర జజ్బాత్ పనికిరావంటాడు. జిద్దాలో ఉన్న భాయిజాన్ ఫోన్‌లో "ఎంతవుతుందో చెప్పండి, పంపుతా" అన్నాడు. పైసలు పంపేవాళ్లకి ఫైసలా సులువు. మిస్త్రీ అయితే ట్యాంకు జోలికే పోవద్దన్నాడు. ఐదు లీటర్ల ఆయిల్ డబ్బాలో పెట్రోల్ పోసి, ఇంజన్ పక్కన కట్టి, పైపు కార్బొరేటర్‌కి ఇస్తే షాదీ రోజు గడిచిపోతుందట. ఇది వినగానే నవ్వకండి. మన జిల్లాలో అలా నడిచే బండ్లు నేను చాలా చూశాను. వేడి ఇంజన్ పక్కన ప్లాస్టిక్ డబ్బాలో పెట్రోల్ పెట్టుకుని తిరగడం జుగాడ్ కాదు, జాన్‌తో జూదం.

నలుగురిలో ఎవరూ అప్పటికి ట్యాంకు లోపల చూడలేదు. బహస్ అంతా బయటి రేకు మీదే! అందుకే ముందు దాన్ని దింపించాం. మీరూ ముందు ఇదే చేయండి. బ్యాటరీ వైరు తీసేసి, ఆరుబయట, ఉన్న పెట్రోల్ అంతా ఇనుప క్యానులోకి దించి, ట్యాంకు విప్పి, పెట్రోల్ కొలిచే ఫ్లోట్ యూనిట్ ఊడదీస్తే చేయి పట్టేంత రంధ్రం కనబడుతుంది. అందులోంచి సెల్ టార్చ్‌తో చూడండి. అగ్గిపుల్ల, లైటర్, వైరున్న బల్బు దగ్గరికి కూడా తేవద్దు. మా దాంట్లోంచి ముందు వచ్చింది పెట్రోల్ కాదు, చాయ్ రంగు నీళ్లు. ఆ తర్వాత బెల్లం పాకం మాడినట్టున్న జిగురు. ఆ తర్వాత రెండు పిడికిళ్ల జంగు రేకులు. వాసన గురించి చెప్పను. ముక్కుకి దుపట్టా కట్టుకుని చూడ్డానికి వచ్చిన బడే అమ్మీ అక్కడి నుంచే వెనక్కి తిరిగింది.

నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి అని బడే అబ్బా అడిగారు. ఎవరూ పోయలేదు. సగం ఖాళీ ట్యాంకులో మిగతా సగం గాలి ఉంటుంది. రాత్రి చల్లబడితే ఆ గాలిలో తేమ రేకుకి చెమటలా పడుతుంది. పగలు వేడెక్కితే కొంత గాలి బయటికి, రాత్రి మళ్లీ కొత్త తేమ లోపలికి. మన వానాకాలాలు ఇరవై లెక్కపెట్టండి. నీళ్లు పెట్రోల్ కంటే బరువు, కాబట్టి అడుక్కి పోయి కూర్చుంటాయి. అందుకే పాత ట్యాంకు పైనుంచి కాదు, అడుగు నుంచి, ముఖ్యంగా రెండు రేకులు కలిసే అతుకు దగ్గర నుంచి పాడవుతుంది. బయటి నుంచి కూడా అదే చోట దెబ్బ. ట్యాంకుని పట్టి ఉంచే పట్టీల కింద మట్టి చేరి, ఆ మట్టి తేమ పట్టుకుని కూర్చుంటుంది. పైన తళతళలాడే ట్యాంకు పట్టీ కింద జల్లెడలా ఉండొచ్చు.

ఇది పాత కథ. ఇప్పుడు దీనికి ఒక కొత్త కథ తోడైంది, దానికి మన బోధన్‌తో రిష్తా ఉంది కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

ఇప్పుడు బంకుల్లో మనం పోయించుకునే పెట్రోల్ దాదా పోయించిన పెట్రోల్ కాదు. అందులో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్, అంటే ఆల్కహాల్. ఈ ఇరవై పాళ్ల లక్ష్యం మొదట 2030కి పెట్టుకుని, తర్వాత 2025కి ముందుకి జరిపారు. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై ఇప్పుడు అంతటా వచ్చేసింది. దీన్ని సవాల్ చేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్‌లో కొట్టేసింది. అంటే పాత పెట్రోల్ తిరిగి వస్తుందని ఎదురుచూడ్డం బేకార్. (మా మొహల్లా బుజుర్గ్ ఒకాయన "శరాబ్ కలిసిన పెట్రోల్ హలాలేనా?" అని అడిగారు. తాగేది బండి, మనం కాదు అన్నాను. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, మౌలానా సాబ్‌ని అడగమని పంపాను.)

నాకు దీంట్లో ఒక చేదు నవ్వు కనబడుతుంది. పెట్రోల్‌లో ఆల్కహాల్ కలపడం మనకి కొత్త కాదు. షక్కర్ నగర్ ఫ్యాక్టరీకి డిస్టిలరీ ఉండేది. చక్కెర తీయగా మిగిలిన మొలాసిస్ నుంచి అక్కడ పవర్ ఆల్కహాల్ తీసేవారు. 1948లోనే ఇండియాలో పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది, పెట్రోల్‌లో కలపడానికే. అలాంటి ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు చేతికి ఇచ్చారు, 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇప్పుడు దేశమంతా ఇథనాల్, ఇథనాల్ అంటుంటే, చెరకుతో పేరు తెచ్చుకున్న బోధన్‌లో ఆ ఫ్యాక్టరీ గేటుకి తాళం, ఎక్కడో ఇంకో రాష్ట్రంలో తీసిన ఇథనాల్ మన బంకుకి ట్యాంకర్‌లో వస్తుంది. అదీ చెరకు నుంచే కాదు, బియ్యం నుంచి, మక్కల నుంచి కూడా. దాదా ఉండి ఉంటే ఏమనేవారో!

సరే, ట్యాంకు దగ్గరికి వద్దాం. ఇథనాల్‌కి నీళ్లంటే మొహబ్బత్ ఎక్కువ. గాలిలో తేమని కూడా లాక్కుంటుంది. ఒక హద్దు దాకా నీళ్లని తనలో కలుపుకుని ఉంచుకుంటుంది, ఆ హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగున వేరే పొరలా కూర్చుంటాయి. వారానికోసారి ట్యాంకు నింపుకుని తిరిగే బండికి దీని ఫికర్ తక్కువ. పండక్కో, షాదీకో బయటికి తీసి మిగతా పదకొండు నెలలు నిలబెట్టే బండికి ఇదే అసలు బీమారీ. పైగా ఆ కాలపు చాలా కార్ల ట్యాంకుల్లో ఇనుప రేకు మీద సీసం, తగరం కలిపిన పూత ఉండేది. ఇథనాల్ దాన్ని తింటుంది. జింకునీ తింటుంది. పాత రబ్బరు పైపుల్ని, పంపులోని డయాఫ్రంని ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇంకొకటి, యాభై ఏళ్లుగా గోడలకి అంటుకున్న జిగురుని, జంగుని అది కడిగినట్టు వదిలిస్తుంది. ఆ కచరా అంతా ఫిల్టర్‌కి, కార్బొరేటర్‌కి వస్తుంది. "బండి నిన్నటిదాకా బాగానే నడిచింది, కొత్త పెట్రోల్ పోయగానే ఆగిపోయింది" అని అనేవాళ్లకి జవాబు ఇదే.

పాత బండ్లకి కొన్ని రబ్బరు సామాన్లు, ప్యాకింగ్‌లు మార్చుకుంటే చాలని సర్కారు వివరణ ఇచ్చింది. ఇరవై ఏళ్ల బండికి అది సరిపోతుందేమో. 1973 ట్యాంకు ఉన్న మనిషి ఆ మాట మీద ఇత్మినాన్‌గా పడుకోకూడదని నా ఖయాల్.

ఇక ట్యాంకు బతికించే తరీఖాలు. మీ ట్యాంకు లోపల నారింజ రంగు పల్చని జంగు మాత్రమే ఉండి, వేలితో రుద్దితే కింద గట్టి రేకు తగిలితే, అది బతుకుతుంది. అలాంటి దాన్ని మార్చి పారేయమని చెప్పేవాళ్ల మాట వినకండి. దాన్ని ముందు వేడి నీళ్లు, సర్ఫ్‌తో పెట్రోల్ వాసన పోయేదాకా చాలాసార్లు కడగాలి. తర్వాత సిర్కా నింపి రెండు మూడు రోజులు ఉంచినా జంగు వదులుతుంది, నిమ్మ ఉప్పు నీళ్లతోనూ అవుతుంది. గుప్పెడు చిన్న నట్లు, బోల్టులు వేసి ఊపుతూ ఉంటే త్వరగా రాలుతుంది. కాకపోతే చివర లెక్క చూసుకుని అన్నీ బయటికి తీయాలి.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం మన ఇలాఖా దవా. అదే మొలాసిస్. పశువుల దాణాలో కలిపే మొలాసిస్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపి అందులో జంగు పట్టిన ఇనుప సామాను ముంచి పెడితే, రెండు వారాల్లో జంగు కరిగి, రేకు మాత్రం అలాగే ఉంటుంది. యాసిడ్‌లాగా మంచి ఇనుముని పెద్దగా తినదు. ప్రపంచమంతా పాత బండ్ల షౌకీన్లు ఈ పని చేస్తారు. చెరకు ఇలాఖాలో పుట్టిన మనకే ఇది తెలియకపోవడం అజీబ్. ఒక్క జాగ్రత్త, ఇంటికి దూరంగా పెట్టండి. పులిసిన వాసనకి పొరుగింటివాళ్లు మీరు గుడుంబా కాస్తున్నారనుకుంటారు. ఏ తరీఖా అయినా, కడిగాక వెంటనే పూర్తిగా ఆరబెట్టాలి. తడి మీద వదిలేస్తే గంటల్లో కొత్త జంగు పుడుతుంది.

చక్కెర మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. బోధన్ వైపు ఎవరి బండి చెడిపోయినా "దుష్మన్ ఎవడో ట్యాంకులో చక్కెర పోశాడు, ఇంజన్ గడ్డకట్టింది" అని ఒక కహానీ చెప్తారు. చక్కెర పెట్రోల్‌లో కరగదు. ఒక గాజు సీసాలో వేసి చూస్తే ఇసకలా అడుగున కూర్చుంటుంది. మహా అయితే ఫిల్టర్ మూస్తుంది. యాభై ఏళ్ల బండి ఆగిపోతే దుష్మన్‌ని వెతికేముందు ట్యాంకు అడుగు వెతకండి.

మా ట్యాంకుకి ఈ దవాలేవీ పనిచేయవని కడిగాక తేలింది. రంధ్రాలన్నీ మూసి, సైకిల్ పంపుతో కొంచెం, అంటే నోటితో ఊదినంత గాలి పెట్టి, నీళ్ల హౌజ్‌లో ముంచాం. ఎక్కువ గాలి పెడితే ట్యాంకు ఉబ్బి పగులుతుంది, హద్దులో ఉండాలి. అడుగు అతుకు పొడవునా బుడగల వరస, పట్టీ కింద ఇంకో మూడు చోట్ల. బడే అబ్బా వేలు పెట్టి నొక్కితే రేకు అట్టముక్కలా లోపలికి పోయింది. ఆయన ఏమీ అనలేదు. వేలు తుడుచుకుని అసర్ నమాజ్‌కి వెళ్లారు.

అయినా జిద్దు పూర్తిగా పోలేదు. మర్నాడు మళ్లీ టాకా మాట వచ్చింది, తెలిసిన వెల్డర్ ఉన్నాడని. ఇక్కడ నేను కొంచెం గొంతు పెంచాల్సి వచ్చింది, మీ ముందు కూడా పెంచుతున్నాను. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ఖతర్నాక్. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో పెట్రోల్ ఆవిరి నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్ల మధ్య ఉంటే చాలు, ఒక్క రవ్వకి బాంబులా పేలుతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటు ఉండదు. ఖాళీ దాంట్లో సరిగ్గా ఆ పాళ్లు కుదురుతాయి. "నాలుగుసార్లు కడిగాం కదా" అంటారు. అతుకుల సందుల్లో, జంగు పొరల కింద పెట్రోల్ దాక్కుంటుంది, టార్చ్ వేడి తగలగానే బయటికి వస్తుంది. నీళ్లు నింపి చేస్తాం, సైలెన్సర్ పొగ నింపి చేస్తాం అనే ఉస్తాద్‌లు ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇన్నేళ్లు అల్లా రహమ్‌తో బతికారు, ఆ తజుర్బాని సనద్ అనుకోకూడదు. ట్యాంకు మీ యాద్‌గార్ కావచ్చు, ఆ వెల్డర్ ఇంటి దగ్గర అతని కోసం చూసే పిల్లల మాట ఏమిటి? ఐదొందల పనికి ఇంకొకడి జాన్ మీద దావ్ వేసే హక్ మనకి ఎవరిచ్చారు? పైగా సన్నగిల్లిన రేకు మీద టాకా నిలవదు. ఒక రంధ్రం మూస్తే పక్కన రెండు తెరుచుకుంటాయి.

లోపల లైనింగ్ పోసి రంధ్రాలు మూసే కెమికల్ కూడా దొరుకుతుంది. గట్టి రేకున్న ట్యాంకుకి, ఇథనాల్‌ని తట్టుకునే రకం, రాసినట్టే పద్ధతిగా వాడితే పనికొస్తుంది. జల్లెడ మీద మైదా పూసినట్టు పూస్తే మాత్రం కొన్నాళ్లకి పొరలు పొరలుగా ఊడి పైపులో అడ్డం పడుతుంది. రంధ్రం కనబడదు కాబట్టి భరోసా మాత్రం పెరుగుతుంది. ఇది లేని భరోసా కంటే ఖరాబ్.

మరి కొత్త ట్యాంకు ఎలాంటిది? కబాడీలో ఇంకో అంబాసిడర్‌ది కొందామని చాచా అన్నాడు. అది కూడా అదే వయసుది, అదే జంగుది, పైసలిచ్చి కొత్త బీమారీ కొనుక్కోవడమే. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి సామాను ఇంకా దొరుకుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడగొచ్చు, కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. కాకపోతే మోడల్‌ని బట్టి ఫ్లోట్ రంధ్రం, పైపు చోటు తేడా రావొచ్చు, కొలతలు పంపి తీసుకోండి. మన దగ్గర రేకు పనివాళ్లు జీఐ షీట్‌తో డబ్బా చేసి ఇస్తామంటారు, ధాన్యానికి బాగుంటుంది, ఈ పెట్రోల్‌కి వద్దు. ఆ షీట్ మీద పూత జింకే, ఇథనాల్‌కి అది దావత్.

మేము పాత ట్యాంకునే నమూనాగా ఇచ్చి, స్టెయిన్‌లెస్ షీట్‌తో ఆర్గాన్ వెల్డింగ్‌లో కొత్తది చేయించాం. చేయించేవాళ్లు నాలుగు విషయాలు అడిగి చూసుకోండి. లోపల అడ్డ రేకులు ఉన్నాయా? లేకపోతే మలుపులో 54 లీటర్ల పెట్రోల్ ఒకవైపుకి విసురుగా కొడుతుంది. గాలి పైపు పెట్టారా? అది లేకపోతే పెట్రోల్ లాగే కొద్దీ లోపల గాలి తక్కువై బండి ఆగుతుంది. పెట్రోల్ లాగే పైపు మరీ అడుగుని తాకకుండా కొంచెం ఎత్తులో ఉందా? ట్యాంకు నుంచి బాడీకి అర్తింగ్ వైరు ఇచ్చారా? ఈ చివరిది చాలామంది మరచిపోతారు, ఫ్లోట్ మీటరు పనిచేయడానికీ కావాలి, స్టాటిక్ రవ్వ పుట్టకుండానూ కావాలి. ఖర్చు మాటంటారా, పెయింట్‌కి పోసిన దాంట్లో ఐదో వంతు కూడా కాలేదు.

"అయితే ఇక అస్లీ అంబాసిడర్ ఏం మిగిలింది?" అని బడే అబ్బా అడిగారు. ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. పాత బండిలో ఒక్కొక్కటీ మారుస్తూ పోతే చివరికి దాదా బండి ఎక్కడుంటుంది? కానీ దీనికి కూడా ఒక హద్దు ఉంది. 2021లో కేంద్రం పాత బండ్లకి వింటేజ్ రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండి, చాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్ అంటారు. ఆ మూడింట్లో ట్యాంకు పేరు లేదు. టైర్లు దాదా కాలంలోనే పదిసార్లు మారాయి, బ్యాటరీ మారింది, క్లచ్ ప్లేట్ మారింది. అప్పుడెవరూ అస్లీ, నఖ్లీ అని అడగలేదు, ఎందుకంటే అప్పుడది బండి. ఇప్పుడది తస్వీర్ అయిపోయింది, అందుకే ఏది ముట్టుకున్నా గుండె ఆగుతోంది. (ఒక మాట, వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తే రోజువారీగా తిప్పడానికి వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటివాటికే. షాదీలకి, ఊళ్లకి తిప్పుకోవాలంటే మామూలు ఆర్‌సీని ఐదేళ్లకోసారి రెన్యూ చేయించుకుంటూ పోవడమే నయం.)

దాదా మనకి ఇచ్చింది అమానత్ అని అందరం అంటాం. నా లెక్కలో ఆ అమానత్ రేకు డబ్బా కాదు. బండ్లో కూర్చున్నవాళ్లని సలామత్‌గా ఇంటికి చేర్చడం. దాదా ఆ కారు కొన్నదే అందుకు. ఎండలో చెరకు బండ్ల వెనక తిరిగిన మనిషి, ఫుప్పూల రుఖ్సతీ ముందు రోజు బ్రేకులు తానే చూసుకునేవారని అబ్బా చెప్తారు. ఆయన ముందు ఈ జల్లెడ ట్యాంకు పెట్టి "మీ యాద్‌గార్ కాబట్టి ఉంచాం" అంటే తిట్టకుండా వదిలేవారా? నేను ఇదే అడిగితే బడే అబ్బా నవ్వారు. అదే ఇజాజత్ అనుకున్నాం. పాత ట్యాంకుని కబాడీకి వేయలేదు, కడిగి, ఆరబెట్టి, మూత తీసే ఉంచి, పొలం దగ్గర షెడ్డులో పెట్టాం. చూడాలనుకున్నవాళ్లు చూసుకోవచ్చు.

మీ బండికి ట్యాంకు మార్చే ముందు ఇంకొకటి చూడండి. వెనక సీట్లో పెట్రోల్ వాసన వస్తే ప్రతిసారీ ట్యాంకుదే ఖసూర్ కాదు. పెట్రోల్ పోసే మూతి నుంచి ట్యాంకు దాకా ఉండే లావు రబ్బరు పైపు ఎండి పగులుతుంది, ఫ్లోట్ యూనిట్ కింది ప్యాకింగ్ కుంగిపోతుంది. ఈ రెండూ చిన్న ఖర్చు. ట్యాంకు మార్చినా మార్చకపోయినా వీటిని, ఇంజన్ దాకా పోయే రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రంని ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చేయండి. దారిలో కనబడే గాజు ఫిల్టర్ ఒకటి పెట్టించండి, మొదటి నెల దాన్ని వారానికోసారి చూడండి. నిలబెట్టే బండి అయితే ట్యాంకు సగం ఖాళీగా వదలకండి. నిండుగా ఉంచి నెలకోసారి నడపండి, లేదా మొత్తం దించేయండి.

కొత్త ట్యాంకు బిగించాక మేము ముందు ఐదు లీటర్లే పోశాం. కింద తెల్ల చాదర్ పరిచి రాత్రంతా వదిలేశాం. ఫజర్ తర్వాత అందరికంటే ముందు బడే అబ్బానే టార్చ్ పట్టుకుని పోయి వంగి చూశారు. చాదర్ మీద మరక లేదు, ఒక కోడి ఈక మాత్రం ఉంది. ఆ రోజు సాయంత్రం బండిని బోధన్ దాకా పోనిచ్చి వచ్చాం, షక్కర్ నగర్ గేటు ముందు ఒక్క నిమిషం ఆగి.